ఆర్‌ఎన్‌ఏ ముందున్న ఆ చిన్న అక్షరాలు: ఏది ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా రాయాలి

ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారాన్ని మోసే, అదుపు చేసే అణువు) పేర్ల గురించి మీరు ఒకే ప్రశ్నగా అడిగినా ఇందులో మూడున్నాయి. పాత పాఠ్యపుస్తకంలో ఎస్-ఆర్‌ఎన్‌ఏ అంటే అమైనో ఆమ్లాలను మోసుకొచ్చేదని ఉంది, కొత్త పరిశోధనా పత్రంలో అదే పేరు బ్యాక్టీరియా జన్యువులను అదుపు చేసే మరో అణువుకు ఉంది, రెండూ ఒకటేనా అన్నది మొదటిది. మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జన్యువులను అదుపు చేసే అతి చిన్న అణువు) పేరును ఒకే పత్రంలో మూడు రకాలుగా రాశారు, అది అచ్చుతప్పా అన్నది రెండోది. ప్రాజెక్టు నివేదికలో సంక్షిప్త పదాల పట్టిక పెట్టమన్నారు, దానికి అధికారిక నియమావళి ఏదైనా ఉందా అన్నది మూడోది.

చివరిదానికి జవాబు ముందే చెబుతాను. అన్ని రకాల ఆర్‌ఎన్‌ఏలకూ వర్తించే ఒకే నియమావళి లేదు. ఎం (మెసెంజర్), ఆర్ (రైబోజోమల్), టీ (ట్రాన్స్‌ఫర్) అనే మూడు పాత ఉపసర్గలకు 1970లో అంతర్జాతీయ జీవరసాయన నామకరణ సంఘం సిఫారసుల్లో చోటు దొరికింది. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావరకు ఎవరు కనుగొంటే వారు పెట్టుకున్నవే. మన ఊళ్లలో ముగ్గురు సుబ్బయ్యలుంటే ఒకరు పొట్టి సుబ్బయ్య, ఒకరు చెరువుగట్టు సుబ్బయ్య, మరొకరు కరణంగారి సుబ్బయ్య అవుతారు. ఒకరికి ఎత్తును బట్టి, ఒకరికి చోటును బట్టి, ఇంకొకరికి ఎవరి దగ్గర ఉంటారన్నదాన్ని బట్టి పేరు వచ్చింది. ఆర్‌ఎన్‌ఏల సంగతీ ఇంతే. కాబట్టి కొత్త సంక్షిప్త పదం ఎదురైనప్పుడు దాని విస్తృత రూపాన్ని కంఠస్థం చేసే ముందు, ఆ అక్షరం పనిని చెబుతోందా, చోటును చెబుతోందా, పరిమాణాన్ని చెబుతోందా, తోడున్న ప్రొటీన్‌ను చెబుతోందా అని చూడండి. సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

రాత గురించి ఒక మాట. తెలుగు లిపిలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం అనే తేడా లేదు కాబట్టి ఇక్కడ నేను ఉపసర్గను అడ్డగీతతో విడదీస్తున్నాను. మీరు ఇంగ్లిష్‌లో రాసే నివేదికలో ఆ గీత ఉండకూడదు, మధ్యలో ఖాళీ కూడా ఉండకూడదు. ఉపసర్గ చిన్న అక్షరాల్లో, ఆర్‌ఎన్‌ఏ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వాక్యం ఆ పదంతోనే మొదలైనా ఎం-ఆర్‌ఎన్‌ఏలోని ఎం చిన్నదిగానే ఉండాలి. వర్డ్ దాన్ని దిద్దేస్తే వెనక్కి మార్చండి.

ఇప్పుడు ఎస్-ఆర్‌ఎన్‌ఏ. మీ పుస్తకమూ తప్పు కాదు, మీ పత్రమూ తప్పు కాదు. 1950ల చివర్లో హోగ్లండ్, జమెక్నిక్ బృందం ఎలుక కాలేయ కణాలను చిదిమి, ఆ రసాన్ని అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టింది. ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములు అడుగున చేరాయి. పైన తేటగా మిగిలిన ద్రవంలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంది, దానికి అమైనో ఆమ్లాలు అతుక్కుంటున్నాయి. అడుక్కి దిగకుండా కరిగి ఉంది కాబట్టి దానిని సాల్యుబుల్ ఆర్‌ఎన్‌ఏ అన్నారు, 1958 పత్రం శీర్షికలోనూ ఆ మాటే ఉంది. అది చేసే పని స్పష్టమయ్యాక ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అనే పేరు స్థిరపడింది, ఎస్ పోయి టీ వచ్చింది. ఖాళీ అయిన ఆ ఎస్‌ను తర్వాతి తరం బ్యాక్టీరియా పరిశోధకులు స్మాల్ అనే అర్థంలో తీసుకున్నారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో మిక్-ఎఫ్, ఆక్సీ-ఎస్, రై-హెచ్‌బీ వంటివి ఈ కోవలోవి. ఇవి ఎక్కువగా జన్యువు సందేశాన్ని మోసే ఎం-ఆర్‌ఎన్‌ఏకు జతకట్టి దాని అనువాదాన్ని (దాని నుంచి ప్రొటీన్ తయారవడాన్ని) ఆపడమో పెంచడమో చేస్తాయి. 1970కి ముందు అచ్చయిన పుస్తకంలో ఎస్-ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అది నేటి టీ-ఆర్‌ఎన్‌ఏ. ఇప్పటి బ్యాక్టీరియా పత్రంలో కనిపిస్తే నియంత్రక అణువు. మొక్కల మీద పనిచేసేవారు రాస్తే మూడో అర్థం: మైక్రో, ఎస్‌ఐ వంటి, జన్యువులను అదుపు చేసే పొట్టి రకాలన్నిటినీ కలిపి చిన్న ఆర్‌ఎన్‌ఏలు అని.

ఎస్ కథ ఇక్కడితో అయిపోలేదు. 16ఎస్, 23ఎస్ అన్నప్పుడు అంకె పక్కనుండే పెద్ద ఎస్‌కు ఈ రెండింటితోనూ సంబంధం లేదు. అది 1926లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రవేత్త స్వెడ్‌బెర్గ్ పేరు మీదున్న ప్రమాణం. సెంట్రిఫ్యూజ్‌లో ఒక రేణువు ఎంత త్వరగా అడుక్కి దిగుతుందో చెబుతుంది. ఆ వేగం బరువుతో పాటు ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. అందుకే బ్యాక్టీరియా రైబోజోమ్‌లో 30ఎస్, 50ఎస్ భాగాలు కలిస్తే 80 రాదు, 70ఎస్ వస్తుంది. మన కణాల్లో 40, 60 కలిసి 80ఎస్ అవుతాయి. పరీక్షల్లో ఏటా ఎవరో ఒకరు దీన్ని కూడి చూపిస్తూనే ఉంటారు.

ఈ పేర్లను అణువుల పొడవుగా కూడా చదవకూడదు. ఈ.కోలైలో 16ఎస్ ఆర్-ఆర్‌ఎన్‌ఏ పొడవు 1,542 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని కడియాలు), 23ఎస్‌ది 2,904, 5ఎస్‌ది 120. క్షీరదాల్లో 28ఎస్ అనేదే ఈస్ట్‌లో, మొక్కల్లో 25ఎస్‌గా కనిపిస్తుంది. పని అదే, పేరు మాత్రం మారింది. ఇక మనిషి మైటోకాండ్రియాలో 12ఎస్, 16ఎస్ ఉంటాయి. అంటే మీ నివేదికలో 16ఎస్ అని మాత్రమే రాస్తే, అది బ్యాక్టీరియా చిన్న ఉపభాగంలోనిదా, మైటోకాండ్రియా పెద్ద ఉపభాగంలోనిదా అన్నది చదివేవారికి తెలియదు. కార్ల్ వూస్ బృందం 1977లో ఆర్కియాను (బ్యాక్టీరియాలా కనిపించే ఏకకణ జీవులను) ప్రత్యేక వర్గంగా గుర్తించింది మొదటి రకంతో. బ్యాక్టీరియా గుర్తింపు పరీక్షల్లో నేటికీ వాడేది అదే. అంకెతో పాటు జీవి పేరు కూడా రాయండి.

యూ1, యూ2, యూ6 అనే పేర్లలో యూ అంటే యురిడిన్ ఎక్కువగా ఉన్నవని. ఇవి కేంద్రకంలో ఉండే చిన్నవి కాబట్టి వర్గం పేరు స్మాల్ న్యూక్లియర్, అంటే ఎస్‌ఎన్-ఆర్‌ఎన్‌ఏ. ఎం-ఆర్‌ఎన్‌ఏ తయారీలో అక్కర్లేని ముక్కలైన ఇంట్రాన్లను కత్తిరించే స్ప్లైసియోజోమ్‌లో యూ1, యూ2, యూ4, యూ5, యూ6 ఉంటాయి. మూడు ఏమైందని అడగాలి మీరు. యూ3 కేంద్రకాంశంలో (న్యూక్లియోలస్‌లో) ఉండి ఆర్-ఆర్‌ఎన్‌ఏ తయారీలో పాల్గొంటుంది. అందుకే దాన్ని తర్వాత ఎస్‌ఎన్‌ఓ వర్గంలోకి మార్చారు, ఓ అక్షరం న్యూక్లియోలస్‌ను సూచిస్తుంది. దీన్ని ప్రయోగశాలల్లో ఎవరూ అక్షరాలు విడదీసి పలకరు, స్నో అంటారు. ప్రొటీన్లతో కలిసిన ఎస్‌ఎన్ సముదాయాన్ని స్నర్ప్ అంటారు. మౌఖిక పరీక్షలో ఇవి వినబడితే కంగారు పడకండి.

స్నో వర్గం విషయంలో మాత్రం మానవ జన్యు నామకరణ సంఘం శుభ్రంగా పనిచేసింది. రైబోజ్ చక్కెరకు మిథైల్ తగిలించడానికి దారి చూపే సి/డి పెట్టె రకానికి స్నోర్డ్ అని, యురిడిన్‌ను సూడోయురిడిన్‌గా మార్చడానికి దారి చూపే హెచ్/ఏసీఏ రకానికి స్నోరా అని జన్యువుల గుర్తు పేర్లు (సంకేతాలు) పెట్టారు. కేంద్రకంలోని కహాల్ దేహాలనే చిన్న భాగాల్లో ఉండేవి స్కార్నా. మూడూ అన్ని పెద్ద అక్షరాల్లో, చివర వరుస అంకెతో ఉంటాయి. ఉదాహరణకు యూ3కి ఇప్పటి జన్యు సంకేతం స్నోర్డ్-3ఏ. పేరు చూడగానే ఏ రసాయన మార్పో తెలిసే ఇంత మంచి పద్ధతి మిగతా వర్గాల్లో నాకు కనబడలేదు. దీనికి భిన్నంగా వై ఆర్‌ఎన్‌ఏలను చూడండి: సైటోప్లాస్మిక్ (కేంద్రకం బయట ఉండేది) అనే మాట ఇంగ్లిష్ వర్ణక్రమంలోని రెండో అక్షరం తీసుకుని వై అన్నారు. మనిషిలో వై1, వై3, వై4, వై5 ఉన్నాయి, వై2 లేదు. దాన్ని వేరే అణువు అనుకుని అంకె ఇచ్చారు, అది వై1 విరిగిన ముక్క అని తర్వాత తేలింది. అంకె అలా ఖాళీగా ఉండిపోయింది.

మీ రెండో ప్రశ్నకు వద్దాం. మూడు రాతలూ మూడు వేర్వేరు వస్తువులు, అచ్చుతప్పు కాదు. మొదటి రెండు అక్షరాలు చిన్నవై చివరి ఆర్ పెద్దదైతే అది పక్వ మైక్రో ఆర్‌ఎన్‌ఏ, సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవున్న, పనిచేసే అణువు. మూడూ చిన్న అక్షరాలైతే అది ఇంకా కత్తిరించని, హెయిర్‌పిన్‌లా మడిచిన పూర్వరూపం. మూడూ పెద్దవై, ఇటాలిక్స్‌లో, అడ్డగీత లేకుండా ఉంటే అది మనిషి జన్యువు సంకేతం. కాబట్టి కణితిలో మిర్-21 పెరిగిందని మీరు క్యూ-పీసీఆర్ అనే పరిమాణం కొలిచే పద్ధతితో కొలిచి చెబితే, ఆర్ పెద్దది ఉండాలి. ఆ జన్యువు ఉన్న క్రోమోజోమ్ భాగం రెట్టింపయిందని చెబితే, మొత్తం పెద్ద అక్షరాలు ఉండాలి.

పూర్తి పేరు హెచ్‌ఎస్‌ఏ-మిర్-21-5పి అనుకుందాం. హెచ్‌ఎస్‌ఏ అంటే హోమో సేపియన్స్: ప్రజాతి పేరులో మొదటి అక్షరం, జాతి పేరులో మొదటి రెండు. చిట్టెలుకకు (మౌస్) ఎంఎంయూ, వరికి ఓఎస్‌ఏ. 21 అనేది వరుస సంఖ్య మాత్రమే. దానికీ ఆ అణువు చేసే పనికీ, క్రోమోజోమ్‌కూ ఏ సంబంధమూ లేదు. అయితే వేరే జాతుల్లో అదే వంశానికి చెందినవాటికి వీలైనంతవరకు అదే సంఖ్య ఇస్తారు కాబట్టి, మనిషి 21నూ ఎలుక 21నూ పోల్చుకోవచ్చు. 5పి అంటే హెయిర్‌పిన్ రెండు చేతుల్లో 5 ప్రైమ్ వైపు (మొదటి కొస వైపు) నుంచి వచ్చిన పోగు. 3పి అంటే రెండోది. పాత పత్రాల్లో తక్కువగా దొరికే పోగుకు నక్షత్రం గుర్తు పెట్టేవారు. కానీ ఒక కణజాలంలో తక్కువున్నది మరో కణజాలంలో ఎక్కువ ఉండవచ్చు. అందుకే నక్షత్రాన్ని వదిలేసి చేతుల పేర్లు పెట్టారు. 2010కి ముందటి పత్రంలో నక్షత్రం కనిపిస్తే అది 5పీయో 3పీయో ఊహించకండి, దాని వరుసను (క్షారాల క్రమాన్ని) తీసుకుని మిర్‌బేస్ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల భాండాగారంలో వెతకండి.

ఇక తోకలు. సంఖ్య తర్వాత ఏ, బి, సి వస్తే పక్వ వరుసలు దగ్గర బంధువులు, ఒకటి రెండు క్షారాల తేడా. అడ్డగీత పెట్టి 1, 2, 3 వస్తే పక్వ వరుస అచ్చంగా ఒకటే, కానీ జన్యుపదార్థంలో వేర్వేరు చోట్ల నుంచి వస్తోంది. మనిషిలో లెట్-7ఏ-1, 7ఏ-2, 7ఏ-3 మూడు వేర్వేరు చోట్లున్నాయి, మూడింటి నుంచీ వచ్చేది అదే లెట్-7ఏ. అందువల్ల పక్వ అణువును కొలిచినవారు లెట్-7ఏ-2 పెరిగిందని రాస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది: ఆ కొలతతో మూడింటిలో ఏదో చెప్పడం సాధ్యం కాదు. మొక్కల్లో ఈ నియమం మారుతుంది. వరి, అరాబిడాప్సిస్ వంటివాటిలో మిర్ తర్వాత అడ్డగీత ఉండదు, పూర్వరూపాన్ని పెద్ద అక్షరాల్లో రాస్తారు, పక్వ వరుస ఒకటే అయినా చోటు వేరైతే ఏ, బి, సి అక్షరాలే వాడతారు. మీరు వరి మీద పనిచేస్తుంటే మనిషి పద్ధతిని అక్కడికి మోయకండి.

మరి లెట్-7 మిర్ కాకుండా ఎలా పోయింది? అది ముందే పుట్టింది కాబట్టి. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ ప్రయోగశాలలు 1993లో సీ.ఎలిగెన్స్ అనే నులిపురుగులో లిన్-4ను వివరించాయి. 2000లో లెట్-7 వచ్చింది. ఇవి పురుగు జన్యుశాస్త్రంలోని పేర్లు: లిన్ అంటే కణాల వంశక్రమం చెడినది, లెట్ అంటే ప్రాణాంతకం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే వర్గం పేరు 2001లో, ఒకే సంచికలో అచ్చయిన మూడు పత్రాలతో వచ్చింది. రాత నియమాలు 2003లో కుదిరాయి. పరిశోధన పత్రం ప్రచురణకు ఆమోదం పొందాకే మిర్‌బేస్ సంఖ్య ఇచ్చేది. ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. వారి అణువుల పాత పేర్లను మాత్రం ఎవరూ మార్చలేదు, మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏలో ఐ అంటే ఇంటర్‌ఫియరింగ్. ఎస్‌ను కొందరు స్మాల్ అని, కొందరు షార్ట్ అని విప్పుతారు, రెండూ చెల్లుతాయి. నివేదిక మొత్తంలో ఒక్కటే వాడండి. అసలు పొరపాటు దీన్ని ఆర్‌ఎన్‌ఏ-ఐతో కలపడంలో ఉంది. ఐ చివర వచ్చినది అణువు పేరు కాదు, చిన్న ఆర్‌ఎన్‌ఏలతో జన్యువును అణచే ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే ప్రక్రియ పేరు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006 నోబెల్ తెచ్చింది ఆ ప్రక్రియే. దీనికి తోడు కోల్-ఈ1 ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని విడి డీఎన్‌ఏ వలయం) మీద పాత పత్రాలు చదివితే ఆర్‌ఎన్‌ఏ ఒకటి, ఆర్‌ఎన్‌ఏ రెండు అని రోమన్ అంకెలతో ఉంటాయి. అక్కడి ఐ అంకె. శోధన యంత్రాలకు ఈ తేడా తెలియదు, మీరే ఏరుకోవాలి. పీఐ-ఆర్‌ఎన్‌ఏలో ఐ మళ్లీ వేరు: పివీ అనే ప్రొటీన్‌తో కలిసి ఉండేదని అర్థం, పరిమాణంతో నిమిత్తం లేకుండా తోడును బట్టి వచ్చిన పేరు.

మందుల పేర్లలో ఈ రకాలు తోకలుగా మారాయి, మీ ఫార్మా స్నేహితులకు ఇది ఉపయోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే సాధారణ పేరు సిరాన్‌తో ముగిస్తే అది ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ: 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్, కొలెస్ట్రాల్‌కు వాడే ఇన్‌క్లిసిరాన్. మెరాన్‌తో ముగిస్తే ఎం-ఆర్‌ఎన్‌ఏ: ఫైజర్, బయోఎన్‌టెక్ కొవిడ్ టీకా టోజినామెరాన్, మోడెర్నాది ఎలాసోమెరాన్.

ఇప్పుడు నిజంగా ప్రమాదకరమైన జంట. జీ-ఆర్‌ఎన్‌ఏ, ఎస్‌జీ-ఆర్‌ఎన్‌ఏ. క్రిస్పర్ (జన్యువులను కోరిన చోట కత్తిరించే పద్ధతి) మీద పనిచేసేవారికి మొదటిది గైడ్, రెండోది సింగిల్ గైడ్. బ్యాక్టీరియాలో విడివిడిగా ఉండే సీఆర్, ట్రేసర్ అనే రెండు ఆర్‌ఎన్‌ఏలను 2012లో ఒకే పోగుగా కలిపి చేసినది. కరోనా వైరస్ మీద పనిచేసేవారికి మొదటిది జీనోమిక్, అంటే దాదాపు 30 వేల న్యూక్లియోటైడ్ల పూర్తి వైరస్ ఆర్‌ఎన్‌ఏ. రెండోది సబ్‌జీనోమిక్, దాని నుంచి తయారయ్యే పొట్టి ప్రతులు. క్రిస్పర్‌తో కరోనాను గుర్తించే పరీక్ష మీద పత్రం రాసేవారు రెండు అర్థాలనూ ఒకే పేజీలో వాడాల్సి వస్తుంది. అలాంటప్పుడు సబ్‌జీనోమిక్ అనే మాటను కుదించకుండా పూర్తిగా రాయడమే మేలు. అదీ చాలదన్నట్లు, 1990లోనే ట్రిపనోసోమ్ పరాన్నజీవుల్లో ఎం-ఆర్‌ఎన్‌ఏను సవరించే అణువులకు గైడ్ అనే పేరుంది. ఎస్‌ఏ-ఆర్‌ఎన్‌ఏకు కూడా ఇదే తంటా: జన్యువును చురుకు చేసే చిన్నది ఒకటి, కణంలోకి వెళ్లాక తన ప్రతులను తానే పెంచుకునే టీకా రకం మరొకటి. 2023 నవంబరులో జపాన్ అనుమతించిన కొవిడ్ టీకా ఈ రెండో కోవలోది.

పొడవైన ఎల్‌ఎన్‌సీ (లాంగ్ నాన్‌కోడింగ్) ఆర్‌ఎన్‌ఏల గురించి ఎక్కువ చెప్పను, ఆ పేరు మీదే నాకు గౌరవం తక్కువ. పొడవు 200 న్యూక్లియోటైడ్లు దాటాలి, ప్రొటీన్‌కు సంకేతం కాకూడదు. అదొక్కటే నిర్వచనం. ఆ 200 కూడా ప్రయోగశాలలో చిన్నవాటిని వేరుచేసే పద్ధతుల నుంచి వచ్చిన గీత. ఈ రంగంలోని పలువురు కలిసి 2023లో ఆ హద్దును 500కు మార్చాలని సూచించారు. జన్యు సంకేతాల్లో మాత్రం కొంత క్రమం ఉంది. పని తెలియనప్పుడు, జన్యువుల మధ్య ఖాళీలో ఉంటే లింక్ అనే నాలుగు పెద్ద అక్షరాలు, తర్వాత అయిదంకెల సంఖ్య. మరో జన్యువుకు ఎదురు పోగు మీదుంటే ఆ జన్యువు పేరు చివర ఏఎస్1. పని తెలిశాక పేరు మారుతుంది. లింక్-00152 ఇప్పుడు సైటార్. లింక్-00948 సంగతి ఇంకా బాగుంటుంది: అందులోంచి కండరాల్లో పనిచేసే మయోరెగ్యులిన్ అనే చిన్న ప్రొటీన్ తయారవుతుందని 2015లో తేలింది, దాంతో ప్రొటీన్‌కు సంకేతం కానిది అనే వర్గం నుంచే దాన్ని తీసేయాల్సి వచ్చింది. కాబట్టి పాత లింక్ పేరు వాడేముందు జన్యు నామకరణ సంఘం వెబ్‌సైట్‌లో ఇప్పటి పేరు చూసి, మొదటిసారి రెండూ రాయండి. మనిషిదైతే అన్నీ పెద్ద అక్షరాలు, ఎలుకదైతే మొదటిది మాత్రమే పెద్దది. ఎక్స్ క్రోమోజోమ్‌ను నిద్రపుచ్చే ఎగ్జిస్ట్‌ను ఎలా రాశారో చూసి ఏ జంతువు గురించో చెప్పవచ్చు.

టీ-ఆర్‌ఎన్‌ఏ రాసేటప్పుడు రెండు చోట్ల అమైనో ఆమ్లం పేరు వస్తుంది, రెండింటికీ అర్థం వేరు. పైన చిన్నగా రాసేది ఆ అణువు ఏ ఆమ్లం కోసం పుట్టిందో చెబుతుంది. ముందు అడ్డగీతతో రాసేది ఇప్పుడు దేన్ని మోస్తోందో చెబుతుంది. రెండూ ఎప్పుడూ ఒకటే అనుకోకండి. సెలీనోసిస్టీన్ టీ-ఆర్‌ఎన్‌ఏ మీద ముందు సెరీన్ ఎక్కుతుంది, అక్కడే సెలీనోసిస్టీన్‌గా మారుతుంది. అందుకే ముందు సెరీన్, పైన సెలీనోసిస్టీన్ ఉన్న రాత సరైనదే.

పట్టిక విషయానికి వస్తే, మీ నివేదికలో మూడుసార్ల కంటే తక్కువ వచ్చే పదాన్ని కుదించనే వద్దు. కుదించినదాన్ని సారాంశంలో ఒకసారి, ప్రధాన పాఠంలో మరోసారి విప్పండి. రెండు అర్థాలున్నవాటికి పట్టికలోనే పక్కన ఈ నివేదికలో ఫలానా అర్థంలో అని చేర్చండి. ఆర్‌టీ అనే అక్షరాలను రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌కే (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడానికే) ఉంచండి. కొవిడ్ రోజుల్లో వార్తల్లో దాన్ని రియల్ టైమ్ అని కూడా రాశారు. పీసీఆర్ ఫలితాలను ఎలా నివేదించాలో చెప్పే 2009 నాటి ఎంఐక్యూఈ మార్గదర్శకాలు రియల్ టైమ్‌కు క్యూ-పీసీఆర్, రెండూ కలిస్తే ఆర్‌టీ-క్యూ-పీసీఆర్ రాయమన్నాయి. వరుసలు జతచేస్తుంటే ఇంకొకటి: జెన్‌బ్యాంక్ అనే వరుసల భాండాగారపు ఫైళ్లలో ఆర్‌ఎన్‌ఏ వరుస కూడా ఆర్‌ఎన్‌ఏ క్షారమైన యూకు బదులు డీఎన్‌ఏ క్షారమైన టీతోనే ఉంటుంది, మిర్‌బేస్‌లో యూతో ఉంటుంది. రెండు చోట్ల నుంచి తెచ్చి ఒకే పట్టికలో పెడితే పరీక్షకులు మొదట అడిగేది దాని గురించే, కాబట్టి అన్నిటినీ యూకు మార్చి పట్టిక కింద ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి.